నలభై ఏడో నంబరు అమ్మాయి

గురునాథరావు పొద్దున్నే రిజిస్టరులో సంతకం పెట్టాక ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకుంటాడు. తొమ్మిదేళ్ళ కిందట, తను మూడు క్లాసులు చెప్పిన రోజున, తన పేరుకెదురుగా ఎవరో ఎర్ర సిరాతో గైరుహాజరు వేశారు. అడిగితే పొరపాటన్నారు. ఎవరి పొరపాటో చెప్పలేదు. మర్నాటి నుంచి ఫొటోలు మొదలయ్యాయి. ఫోన్లు మారాయి గాని ఫొటోలు ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి వస్తూనే ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

అతనికి యాభై ఆరేళ్ళు. గాజువాక దాటి స్టీల్ ప్లాంటు వైపు వెళ్ళే రోడ్డులో, కొండవారనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. తండ్రి పోర్టులో కలాసీ. ఆయన మోసిన బస్తాల మీద ఇతను ఎమ్మెస్సీ దాకా చదివాడు. ఉద్యోగంలో చేరినప్పుడు కాలేజీ అంటే రెండు రేకుల షెడ్లు. ఇప్పుడు ఐదంతస్తులు. లిఫ్టు వచ్చింది గాని అతను మెట్లే ఎక్కుతాడు. క్లాసులోకి వెళ్ళగానే చాక్‌పీసుని రెండుగా విరిచి, ఒక ముక్కతో రాసి, రెండో ముక్క చొక్కా జేబులో వేసుకుంటాడు. పొడుగు చాక్‌పీసు బోర్డు మీద కీచుమంటుంది. సగం ముక్క అనదు. ఇరవై ఏడేళ్ళుగా అతని చొక్కా జేబులన్నీ తెల్లగానే ఉన్నాయి.

జూన్‌లో కాలేజీ నలుగురు అధ్యాపకులను తీసేసింది. ఉత్తరాలు కొరియర్‌లో ఇళ్ళకు వెళ్ళాయి. నలుగురూ యాభై దాటినవాళ్ళు. జులైలో సర్క్యులర్ వచ్చింది. కాలేజీలో లెర్నింగ్ సెంటర్ తెరుస్తున్నారు. పాఠాల్లో వెనకబడిన పిల్లలు క్లాసులయ్యాక అక్కడికి వచ్చి, ఒక్కొక్కరుగా కూర్చుని, రానిది నేర్చుకుంటారు. ఎంపికైన అధ్యాపకులు అక్కడ రోజుకు రెండు గంటలు ట్యూటర్లుగా పనిచేయాలి. ముందు ఆరు రోజుల శిక్షణ, తర్వాత రెండు వారాల పరిశీలన. తృప్తికరంగా చేసినవారికి సర్టిఫికెట్ ఇస్తారు.

తృప్తికరంగా చేయనివారి గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు. గురునాథరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అందులో లేని వాక్యం కోసం మూడోసారి చదివాడు.

కింద ఎనిమిది పేర్లున్నాయి. అతని పేరు రెండోది. ఫిజిక్స్ త్రినాథరావు పేరు మూడోది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. బంధుత్వం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు.

"సూసావా బావ," అన్నాడు త్రినాథరావు క్యాంటీన్లో టీ గ్లాసు అరచేతుల మధ్య తిప్పుతూ. "ఎనిమిది మందిమి. ఆరుగురికి జుట్టు నేదు."

"జుట్టు లేకపోతే ఏటి?"

"జూన్లో ఎల్లినోళ్ళకీ నేదు గదా."

ఆ సాయంత్రం సీతమ్మధార ఇంట్లో గురునాథరావు భార్యకు సర్క్యులర్ చదివి వినిపించాడు. గౌరీశ్వరి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"ఇరవై ఏడేళ్ళు సెప్పినోడికి సెప్పడం నేర్పుతారంట," అన్నాడు.

"నేర్పితే నేర్సుకోండి. ఏటవుతాది?"

"నేర్పడానికి కాదు. ఎవరిని తీసెయ్యాలో సూసుకోడానికి."

"మీకు అన్నీ అలాగే కనిపిత్తాయి. మొన్న పాలవాడిని కూడా అలాగే అన్నారు."

"పాలవాడు నీళ్ళు కలిపాడా లేదా?"

గౌరీశ్వరి నవ్వింది. అతను నవ్వలేదు. ఈ వయసులో బయోడేటా పట్టుకుని ఇంకో కాలేజీ గేటు దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో చూస్తున్నాడు. గేటు కూడా కనిపిస్తోంది. దాని పక్కన వాచ్‌మన్ కుర్చీ కనిపిస్తోంది.

లెర్నింగ్ సెంటర్ పాత డ్రాయింగ్ హాల్లో పెట్టారు. బొమ్మలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాక ఆ హాలు మూతబడింది. ఏటవాలు బల్లలు తీసేసి, చిన్న గుండ్రటి బల్లలు వేశారు. బోర్డు లేదు. గురునాథరావు మొదట చూసింది అదే. నాలుగు గోడలూ తిరిగి చూశాడు. ఎక్కడా బోర్డు లేదు.

శిక్షణ ఇచ్చే ఆవిడ పేరు దేవకుమారి. పాతికేళ్ళు ఒక మిషన్ స్కూల్లో చదువు అందని పిల్లల పక్కన కూర్చున్న మనిషి. సన్నగా, నెమ్మదిగా, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. చేతిలో నీలం అట్ట నోటుపుస్తకం ఉంటుంది. మధ్యమధ్య అందులో ఏదో రాస్తుంది. ఏం రాస్తుందో బల్లకు ఇవతలి నుంచి కనిపించదు.

"పిల్లవాడికి ఎదురుగా కూర్చోవద్దు," అందామె మొదటిరోజు. "పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్ష అనుకుంటాడు. పెన్ను వాడి చేతిలోనే ఉండాలి. మీరు ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా ఎలా చెప్పడం మేడమ్?" అన్నాడు త్రినాథరావు.

"చెప్పకండి. అడగండి. అడిగాక మనసులో పదిదాకా లెక్కపెట్టండి. ఆలోగా మాట్లాడకండి."

"పది లెక్కపెట్టినా వాడు నోరిప్పకపోతే?"

"మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి."

హాలంతా నవ్వారు. గురునాథరావు మాత్రం ఆమె నవ్వుతూనే నీలం పుస్తకంలో ఒక గీత గీయడం చూశాడు. ఆ గీత త్రినాథరావు లెక్కలో పడిందా, తన లెక్కలోనా? ఆ వారమంతా అతను పాఠం కన్నా గీతలే ఎక్కువ గమనించాడు. మూడోరోజు అలవాటుగా పక్కవాడి చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. గీత పడింది. నాలుగోరోజు "ఇది చాలా సులువు" అన్నాడు. ఆ మాట అనకూడదని అప్పటికే రెండుసార్లు చెప్పారు. మళ్ళీ గీత.

అయిదోరోజు దేవకుమారి మడిచిన చీటీలు పంచింది. సగం మంది పిల్లలుగా నటించాలి, మిగతావాళ్ళు ట్యూటర్లు. పిల్లవాడు ఎలాంటివాడో చీటీలో ఉంటుంది. అర్థం కాకపోయినా తలూపేవాడు. జవాబు చాలు, దారి అక్కర్లేదనేవాడు. గురునాథరావు తన చీటీ విప్పాడు. 'నీకు రానిది అయిదో తరగతి లెక్క. ఆ సంగతి చెప్పడానికి నీకు సిగ్గు.'

అతను త్రినాథరావు పక్కన కూర్చుని, మూడో సెమిస్టరులో వచ్చే ఒక కష్టమైన సమీకరణం గురించి అడిగాడు.

"గురునాథరావుగారూ, అయిదో తరగతిది అడగండి," అంది దేవకుమారి.

"ఇంజనీరింగ్‌లో అలాంటివి ఎవరడుగుతారు మేడమ్?"

"అడగరు. అందుకే చీటీ మీకిచ్చాను."

రాని లెక్క ఒకటి వెతుక్కుందామంటే అన్నీ వచ్చినవే. ఆమె ఈసారి గీత గీయలేదు. పూర్తి వాక్యం రాసింది.

పరిశీలన మొదలయ్యే ముందు ఆమె ఒక్కొక్కరికీ ఒక షీటు ఇచ్చింది. వచ్చిన విద్యార్థి పేరు, నంబరు, ఏమడిగాడు, ఎక్కడ ఆగిపోయాడు. విద్యార్థే తన చేత్తో పేరు రాయాలి. ఎవరైనా ఒకే విద్యార్థి నాలుగుసార్లు తనంతట తాను వస్తే ఆ ట్యూటరు పాసైనట్టు. షీటు మీద ఆమె సంతకం పెడుతుంది, ఆఫీసులో జోజి కంప్యూటర్లో ఎక్కిస్తాడు.

"అసలు కిటుకు అది కాదు బావ," అన్నాడు త్రినాథరావు ఆ సాయంత్రం బస్టాపులో. "ఒచ్చిన పిల్లల్లో ఒకరు ఆళ్ళ మనిషంట. చీటీ ఇచ్చి పంపుతారంట, మనం ఏటి సేత్తామో సూడ్డానికి."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటన్నారు."

మొదటి వారం గురునాథరావు బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. త్రినాథరావు దగ్గర కుర్చీ ఖాళీ లేదు. రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి అతని జోకులకు నవ్వి వెళుతున్నారు. గురునాథరావు షీటు తెల్లగా ఉంది. హాలు అవతలి మూల దేవకుమారి నీలం పుస్తకంతో కూర్చునేది. ఏమీ జరగని బల్ల గురించి అంతసేపు ఏం రాస్తోందో అర్థమయ్యేది కాదు.

రెండో మంగళవారం ఒక అమ్మాయి వచ్చింది. బక్కగా ఉంది. సంచిని ముందుకు వేసుకుని రెండు చేతులతో పట్టుకుంది. హాలంతా ఒకసారి చూసి, నేరుగా అతని బల్ల దగ్గరికే వచ్చింది. మిగతా బల్లలు వదిలి తన దగ్గరికే ఎందుకు వచ్చిందో అని అతను అప్పుడే అనుకున్నాడు.

షీటు ముందుకు జరిపాడు. ఆమె పెన్ను తీసి, కాసేపు ఆగి, అనూరాధ అని రాసింది. నంబరు రాయడానికి ఇంకొంచెం ఆగింది. చివర నలభై ఏడు వేసింది.

ఎలక్ట్రికల్, మూడో ఏడు అంది. నోటు తెరిచింది. నాలుగు ఓములు, ఆరు ఓములు. రెండింటినీ పారలల్‌గా కలిపితే ఎంత అని లెక్క.

"సిరీస్‌లో పెడితే నాలుగూ ఆరూ పది సార్. పారలల్‌లో పెట్టినా నాకు పదే ఒత్తంది. రెండూ ఒకటే అయితే రెండు లెక్కలెందుకు?"

అతను నోటులోకి చూశాడు. ఒకటి బై నాలుగు, ప్లస్ ఒకటి బై ఆరు, ఈక్వల్టు ఒకటి బై పది. కింది అంకెలు రెండూ కూడేసింది. భిన్నాలు కూడటం రాదు. ఇంజనీరింగ్ మూడో ఏట భిన్నాలు కూడటం రాదు.

అయిదో తరగతి లెక్క!

అతనికి చీటీ గుర్తొచ్చింది. తను నటించలేకపోయిన చీటీ అదే. ఆ మూల దేవకుమారి తల వంచుకుని రాస్తోంది. గురునాథరావు వెన్ను నిటారుగా చేసుకున్నాడు. సరే, చూసుకోండి అనుకున్నాడు. కుర్చీని అమ్మాయి పక్కకు లాక్కున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, పొరపాటున కూడా పెన్ను అందుకోకుండా.

"సగానికి సగం కలిపితే ఎంతమ్మా?"

"ఒకటి సార్."

"ఇదే పద్ధతిలో రాయి."

రాసింది. ఒకటి బై రెండు, ప్లస్ ఒకటి బై రెండు. కింద రెండూ రెండూ నాలుగు. ఒకటి బై నాలుగు. పెన్ను ఆగిపోయింది. అతను లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దగ్గర ఆమె చేత్తో నోరు మూసుకుంది.

"సగం గంపా సగం గంపా కలిపితే పావు గంపంటే మా అమ్మ ఆ గంప నా నెత్తినే బోర్లిత్తాది సార్."

"అమ్మ ఏం చేస్తుంది?"

"హార్బరు కాడ సేపలమ్ముతాది. నాన్న బోటు మీద ఎల్తాడు."

ఇది కూడా కల్పించారు, బాగానే కల్పించారు అనుకున్నాడతను.

వెళ్ళేముందు ఆమె అతని జేబు వైపు చూసింది. "ఇక్కడ బోర్డు లేదు కదా సార్. మరి చాక్‌పీసు సగం విరిచి జేబులో వేసుకున్నారేంటి?"

తన అలవాట్లు కూడా చెప్పి పంపారు.

బుధవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్ళాడు. జోజి అక్కడ గుమస్తా. పన్నెండేళ్ళుగా ఆ కిటికీ పక్కనే ఉన్నాడు.

"జోజీ, ఈ నంబరు ఎవరిదో చూడు."

జోజి కొట్టి చూశాడు. "సివిల్ సార్. అబ్బాయిది. రెండేళ్ళ కిందటే మానేశాడు."

"అనూరాధ అని ఎలక్ట్రికల్ మూడో ఏట ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ నేరు సార్. ఏటి సంగతి?"

"ఏమీ లేదు."

మెట్లు దిగుతుంటే అతనికి చాలా రోజుల తర్వాత తేలిగ్గా అనిపించింది. అనుమానం నిజమైతే కలిగే తేలిక అది. త్రినాథరావుకు చెబితే భుజం మీద చరిచాడు.

"నాను సెప్పలేదేటి? పట్టేశావు బావ!"

ఆ రోజూ, మర్నాడూ ఆమె వచ్చింది. అతను నియమాల్లో వెంట్రుకవాసి తప్పలేదు. జవాబు చెప్పలేదు. పెన్ను ముట్టలేదు. తన జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఎవరి పక్కనా కూర్చోలేదు. గురువారం ఆమె పావునీ ఆరోవంతునీ పక్కపక్కన రాసి చాలాసేపు చూసింది. అతను రెండుసార్లు పదిదాకా లెక్కపెట్టాడు.

"సార్, మా నాన్నోళ్ళు సరుకు పంచుకున్నప్పుడు ముందు వాటాలు సేత్తారు," అంది మెల్లగా. "బోటుకిన్ని, వలకిన్ని, మనిషికిన్ని. అన్ని వాటాలూ ఒకే కొలత. పెద్దవాటా, చిన్నవాటా అని ఉండదు. పెద్దవాళ్ళు ఎక్కువ వాటాలు తీసుకుంటారంతే. దీన్ని కూడా అలా సేత్తే? పన్నెండు వాటాలు. పావంటే మూడు వాటాలు. ఆరోవంతంటే రెండు. మొత్తం అయిదు. పన్నెండులో అయిదు."

ఆమె పెన్ను తనంతట తాను పరుగెత్తింది. అయిదు బై పన్నెండు. తిరగేసింది. రెండు పాయింట్ నాలుగు.

"నాలుక్కన్నా తక్కువొచ్చింది సార్! పారలల్‌లో రెండు దార్లు కదా. తగ్గాలి కదా."

ఆమె ముఖం చూస్తే అతనికి ఒక్క క్షణం ఇది నటన కాదేమో అనిపించింది. వెంటనే, ఇంత బాగా నటించేవాళ్ళనే పంపుతారు అనుకున్నాడు. ఇంక ఆపుకోలేకపోయాడు. తను అంత తెలివితక్కువవాడు కాదని ఎవరికైనా తెలియాలి.

"బాగా చేశావమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నీ పని అయిపోయింది. వెళ్ళి మేడమ్‌తో చెప్పు, గురునాథరావు కనిపెట్టేశాడని. నీ పేరు అనూరాధ కాదు. ఆ నంబరూ నీది కాదు. ఆఫీసులో అడిగాను."

అమ్మాయి ముఖంలో రంగు పోయింది. నోటు సంచిలో కుక్కుకుని, కుర్చీకి తగులుకుంటూ వెళ్ళిపోయింది. పెన్ను బల్ల మీదే ఉండిపోయింది. మూత కొరికిన నీలం పెన్ను.

గురునాథరావు లేచి దేవకుమారి దగ్గరికి వెళ్ళాడు.

"మీ అమ్మాయి బాగా చేసింది మేడమ్."

"ఏ అమ్మాయండీ?"

"మీరు పంపిన అమ్మాయి."

ఆమె నీలం పుస్తకం మూసింది. "నేనెవరినీ పంపలేదు గురునాథరావుగారూ. పంపాల్సిన అవసరం ఏముంది? నిజంగా రానివాళ్ళే ఇంతమంది ఉంటే."

అతను ఆ మాటా నమ్మలేదు. కానీ ఆమె లేచి కిటికీలోంచి అమ్మాయి వెళ్ళిన వైపు చూసింది. ఆ చూపు నటన కాదు. అతను వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. షీటు మీద మూడు వరుసలు నిండాయి. నాలుగోది ఖాళీ. శనివారంతో గడువు సరి.

సాయంత్రం బస్సులో నిలబడి ఉండగా చాక్‌పీసు మాట మళ్ళీ గుర్తొచ్చింది. సగం విరిచి జేబులో వేసుకుంటాడని దేవకుమారికి తెలియదు. ఆమె అతన్ని బోర్డు దగ్గర ఎప్పుడూ చూడలేదు. త్రినాథరావుకు కూడా తెలియదు. ఆ సంగతి తెలిసేది అతని క్లాసులో కూర్చున్నవాళ్ళకే.

శుక్రవారం జోజిని అడిగి ఎలక్ట్రికల్ మూడో ఏడు పిల్లల ఫొటోలు తెరిపించాడు. ఎందుకో చెప్పలేదు. జోజి అడగలేదు గాని చేతులు కట్టుకుని అతని వెనకే నిలబడ్డాడు. ముప్పయ్యో, నలభయ్యో ముఖాలు దాటాక ఆమె కనిపించింది. సూర్యకళ. తండ్రి జగ్గయ్య. తల్లి పోతమ్మ. గురునాథరావు అక్కడ ఆగకుండా ఇంకో రెండు ముఖాలు ముందుకు జరిపి, ఆ తర్వాతే మూసేయమన్నాడు.

స్టాఫ్‌రూములో తన పాత క్లాసు నోటు తీశాడు. మొదటి ఏడు, బి సెక్షన్. సూర్యకళ, ఏడాదంతా హాజరు. ఇంటర్నల్ మార్కులు ముప్పైకి ఇరవై ఏడు. కింద తన సంతకం. ఆ ఏడు సెక్షన్‌లో అందరికీ ఇరవై ఆరు పైనే వేశాడు. అందరూ అలాగే వేస్తారు. అమ్మాయి ఒక ఏడాది తన ఎదురుగా కూర్చుంది. పేరు కాదు కదా, ముఖం కూడా గుర్తులేదు.

నోటు మూశాడు. ఇంజనీరింగ్ మూడో ఏట భిన్నాలు రాని పిల్ల ఉండదని కదా తను అనుకున్నది. ఆ పిల్లకు ఇరవై ఏడు వేసింది ఎవరు?

క్లాసుకు వెళ్ళి పిలిస్తే అందరికీ తెలిసిపోతుంది. సాయంత్రం గాజువాక జంక్షన్‌లో, హార్బరు వైపు వెళ్ళే బస్సులు ఆగే చోట నిలబడ్డాడు. షేర్ ఆటోవాళ్ళు రెండుసార్లు పిలిచారు. ఆరు కావస్తుండగా ఆమె వచ్చింది. అతన్ని చూసి వెనక్కి తిరగబోయింది.

"పెన్ను మర్చిపోయావు," అన్నాడు.

తీసుకుంది. తల ఎత్తలేదు. "నా అసలు పేరు తెలిసిపోయిందా సార్?"

"తెలిసింది."

"లిస్టులో పెట్టారా?"

"ఏ లిస్టు?"

"ఆ హాలుకొచ్చినోళ్ళ పేర్లు రాసుకుని ప్లేస్‌మెంటుకి పంపుతారంట కదా. ఈళ్ళకి ఏటీ రాదని. కంపెనీలొచ్చినప్పుడు కూర్చోనివ్వరంట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటన్నారు సార్."

అదే మాట. అతను రోడ్డు వైపు చూశాడు. సిమెంటు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"మాకూ ఒకటి చెప్పారు," అన్నాడు. "పిల్లల్లో ఒకరిని మామీద నిఘాకి పంపుతారని. నువ్వే అనుకున్నాను."

సూర్యకళ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "నన్నా? నాను నిఘానా?" నవ్వొచ్చింది గాని పూర్తిగా నవ్వలేదు. "ఒకళ్ళే నాలుగుసార్లు రాకపోతే మీకు సర్టిఫికెట్ ఇవ్వరంట కదా. అందుకొచ్చారేటి సార్?"

అబద్ధం చెప్పడం తేలిక. అతను మనసులో లెక్కపెట్టాడు. ఈసారి తన కోసమే.

"అదీ ఉంది," అన్నాడు. "అదొక్కటే అయితే పెన్ను తెచ్చేవాణ్ణి కాదు. మొదటి ఏడు నీకు ఇరవై ఏడు వేశాను."

"వేశారు. ఇంట్లో చూపిత్తే మా అమ్మ వీధంతా సెప్పింది."

హార్బరు బస్సు దూరంగా కనిపించింది. ఆమె సంచి సర్దుకుంది.

"వస్తే పేరు రాయాలా సార్?"

షీటు మీద నాలుగు వరుసల్లోనూ అసలు పేరు రాయిస్తే అతని లెక్క సరిపోతుంది. తప్పు నంబరు మీద నాలుగుసార్లు వచ్చినా ఆఫీసులో చెల్లకపోవచ్చు. పైగా ఆ నంబరు మనిషి లేడని తనే వెళ్ళి జోజి చేత చెప్పించుకున్నాడు. ఇక అసలు పేరు రాస్తే అది ఎక్కడికి వెళుతుందో ఆమెకు తెలియదు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అతనికీ తెలియదు.

"నీకు ఏ పేరు రాయాలనిపిస్తే అది రాయి," అన్నాడు. "పెన్ను నీది."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. వస్తానని గాని రానని గాని అనలేదు.

శనివారం మూడింటికి గురునాథరావు డ్రాయింగ్ హాల్లో కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ. త్రినాథరావుకు బుధవారమే నాలుగు పూర్తయ్యాయి. దూరం నుంచి కనుబొమలెగరేసి ఏమైందని అడిగాడు. గురునాథరావు చూపు తిప్పుకున్నాడు. నాలుగున్నరకు గుమ్మంలో సూర్యకళ కనిపించింది. వెంట ఇద్దరు అబ్బాయిలున్నారు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నక్కుతూ వచ్చారు.

ఆమె షీటు దగ్గరికి లాక్కుంది. అనూరాధ అని రాసింది. చివర నలభై ఏడు.

"నీ పేరేంటి?" అని పక్కనున్న పొడుగాటి అబ్బాయిని అడిగాడు.

ఆ అబ్బాయి సూర్యకళ వైపు చూశాడు. ఆమె మోచేత్తో పొడిచింది.

"రాము... రాము అని రాసుకుంటాను సార్."

"నీది?"

"నాను కూడా రామునే అనుకున్నాను సార్," అన్నాడు రెండోవాడు. ముగ్గురూ నవ్వారు. "సరే, దొరబాబు."

అతను ఇంకో రెండు కుర్చీలు లాగాడు. ముగ్గురికీ పక్కన కూర్చోవడం కుదరక వాళ్ళ వెనక నిలబడ్డాడు. దొరబాబు అనే అబ్బాయికి మైనస్‌ని మైనస్‌తో హెచ్చిస్తే ప్లస్ ఎందుకొస్తుందో తెలియదు. రాము అనే అబ్బాయి అసలు ఏమీ అడగలేదు. సూర్యకళ వాడికి వాటాలు గీసి చూపిస్తోంది. గురునాథరావు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అయిదింటికి దేవకుమారి వచ్చింది. షీటు తీసుకుని చదివింది.

"ఈ పేర్లు నిజమేనా?"

"వాళ్ళు రాసిన పేర్లండి."

ఆమె అతని వైపు కాసేపు చూసింది. ఆమె కూడా లెక్కపెడుతోందని అతనికి తెలిసింది. పదయ్యాక ఆమె షీటు కింద సంతకం పెట్టింది. నీలం పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంత తేలిగ్గా ఎందుకు పెట్టిందో అని అనుమానం వచ్చింది. అడగలేదు.

ఆఫీసులో జోజి తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. షీటు చూసి మళ్ళీ కూర్చున్నాడు. కొడుతూ కొడుతూ వేళ్ళు ఆపాడు.

"సార్, ఈ నలభై ఏడు... బుధవారం మీరే ఒచ్చి అడిగారు. ఈ నంబరు మనిషి లేడని నానే సెప్పాను."

"చెప్పావు."

"నిన్న ఫొటోలు కూడా సూసారు."

"చూశాను."

"మరేటి రాయమంటారు?"

గురునాథరావు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. కిటికీ అవతల కాలేజీ బస్సులు ఒక్కొక్కటే బయలుదేరుతున్నాయి. ఏడు దగ్గర జోజి నిట్టూర్చాడు.

"అనూరాధ అనే కదా ఉంది. ఉన్నదే కొడతన్నాను." కొట్టాడు. "పిల్లలు నంబర్లు తప్పు రాత్తుంటారు సార్. నాను సూడలేదు. పైనోళ్ళు సూత్తే సూత్తారు."

"ఈ లిస్టు ఎక్కడికెళ్తుంది జోజీ?"

"నాకూ తెలీదు సార్. పైకెల్తాది."

జోజి మంచికే అన్నాడో, మాట దాచుకున్నాడో ముఖం చూస్తే తెలియలేదు. షీటు బల్ల మీద పెట్టాడు. గురునాథరావు అలవాటుగా ఫోను తీశాడు. కెమెరా తెరిచాడు. తెర మీద అనూరాధ, నలభై ఏడు, రాము, దొరబాబు, కింద తన సంతకం, పక్కన దేవకుమారి సంతకం అన్నీ సరిగ్గా ఇమిడాయి. జోజి చూస్తున్నాడు.

గురునాథరావు ఫొటో తీయకుండానే ఫోను ఆపి, చాక్‌పీసు ముక్క ఉన్న జేబులో వేసుకున్నాడు.

"తాళం వేసుకో జోజీ," అని మెట్లు దిగాడు.